పసుపు దీపం

పదిహేనేళ్ళ నాటి బండి. రెండే తలుపులు.
నేలకు జానెడెత్తున కూర్చుంటే
ముత్తుకూరు రోడ్డులో లారీ టైర్లు
నా చెవి పక్కనే తిరుగుతాయి.

ఇది నేను ముచ్చటపడి కొన్నది కాదు.
దశరథరామిరెడ్డి గారి పన్నెండు చెరువుల్లో
తెల్లమచ్చ పడిన ఏడు,
మేతవాళ్ళు ట్రాక్టరు తీసుకుపోయారు,
సీడువాళ్ళు ఇంజన్లు విప్పుకుపోయారు.
నా ల్యాబుకి రావలసిన నీటి పరీక్షల బాకీకి
మిగిలింది ఈ తాళంచెవి.
"పైన రెండు లక్షలు ఇయ్యి మేడం.
నమ్మకమైన బండి" అన్నాడు.
నమ్మకం అన్న మాట దగ్గర
ఆయన గొంతు గేరు మార్చింది.

అప్పట్నుంచీ రోజూ ఇదే.
పక్క సీట్లో ఐసుపెట్టె, దానికి బెల్టు.
కాళ్ళ దగ్గర గలగలమంటూ సీసాలు:
కోడూరు మూడో చెరువు, ఇస్కపల్లి కొత్త గుంట.
గట్టు ఎక్కదు. మొదట్లోనే ఆపి
చెప్పులు చేత పట్టుకుని నడుస్తాను.
స్పీడు బ్రేకరు వస్తే ఏటవాలుగా
ఒక్కో చక్రాన్నీ బతిమాలి దాటిస్తాను.
వానాకాలంలో కాపలా సుబ్బరాయుడు
"పడవేసుకొచ్చినావా మేడం" అంటాడు.

రోజూ తిరగడానికి పనికొస్తుందా, అని అడుగుతారు అందరూ.
చెరువుల రిజిస్టరు పక్కనే దీనికీ ఒకటి పెట్టాను.
మూడేళ్ళు. నలభై ఒక్క వేల కిలోమీటర్లు.
నడిరోడ్డులో నిలబెట్టింది నాలుగుసార్లు.
అందులో రెండు నా తప్పే:
ఒకసారి ఆయిల్ చూసుకోలేదు,
ఒకసారి కోపంలో ఉన్నాను.
మూడోసారి నీళ్ళ పంపు. కొత్తది మద్రాసు నుంచి
పినాకినిలో ఎవరో కుర్రాడి ఒళ్ళో కూర్చుని
టికెట్టు లేకుండా వచ్చింది.
నాలుగోది ఏమిటో ఎవరికీ తెలీదు.
గంటసేపు అలిగి, తనే లేచింది.

మినీ బైపాసులో మస్తాన్‌వలీ
బానెట్ కింద తల పెట్టి చాలాసేపు విని
"ఇంజను గుండ్రాయి మేడం.
చెడేదంతా దాని చుట్టూ ఉండే వైర్లే.
ఉప్పుగాలి ముందు వైరు తింటాది, తర్వాత రేకు,
ఆ తర్వాత మనల్ని" అన్నాడు.
మరి ఈ పసుపు దీపం?
"ఎలగడం దానికి అలవాటు.
ఆరిపోయిన రోజు ఫోన్ చెయ్యి."

మొన్న మబ్బు రాత్రి, రెండున్నరకి
మైపాడు నుంచి ఫోను. రొయ్యలు పైకి తేలుతున్నాయట.
పక్కింటివాళ్ళ తెల్ల కారు, వారంటీ తీరనిది,
ముసుగు కప్పుకుని నిద్రపోతోంది.
ఇది మొదటి తిప్పుకే లేచింది.
పెట్టె బదులు ఆక్సిజన్ బిళ్ళల సంచులు,
ఇరవై నాలుగు నిమిషాలు,
మధ్యలో ఒక బర్రె, ఒక క్షమాపణ.
అక్కడ జనరేటరు కొత్తది, బిల్లుతో సహా ఉన్నది,
ఎంత లాగినా ఊపిరి తీయలేదు.
కారు లైట్ల వెలుగులో
నడుం లోతు నీళ్ళలో దిగి బిళ్ళలు చల్లాం.
సగం బతికాయి.
సగం, అని రాయబోతే
ఏ రిజిస్టరులో రాయాలో తెలీక
రెండింట్లోనూ రాశాను.

దశరథరామిరెడ్డి గారు ఇప్పుడు
కోవూరులో ఒక మేత గోడౌనులో లెక్కలు రాస్తారు.
శుక్రవారాలు శాంపిలు కోసం వెళ్తే
పుస్తకంలోంచి తల ఎత్తకుండానే
"స్టార్టవతా ఉండాదా?"
అవుతా ఉంది సార్.
"ఏసీ?"
లేదు.
"నా దగ్గరా అంతే."
ఒక్కసారీ బయటికొచ్చి చూడలేదు.
నేను తాళం తిప్పే వేళకి మాత్రం
లోపల, ఆయన తల మీది ఫ్యాను ఆగుతుంది.

గేటు దాటేదాకా
రెండో గేరులోనే పోతాను.